జొన్నవాడలో నిద్ర

మా అమ్మకు నిద్ర పట్టక ఏడాదిన్నర అయింది. నాన్న పోయాక నెల్లూరు జిల్లా బిట్రగుంటలో ఇల్లు తాళం వేసి ఆవిడను హైదరాబాద్ తీసుకొచ్చేశాను. ఏడో అంతస్తు ఫ్లాటు, పక్కింటివాళ్లు దగ్గినా వినిపించనంత నిశ్శబ్దం. రాత్రి రెండింటికి నేను మంచినీళ్లకు లేస్తే హాల్లో దీపం వేయకుండా కూర్చుని ఉండేది. డాక్టర్లు మాత్రలు ఇచ్చారు, మార్చారు. చివరికి తనే తేల్చేసింది. "కామాక్షమ్మ దగ్గర ఒక రాత్రి నిద్ర చేస్తానని మొక్కుకున్నాను. జొన్నవాడ తీసుకెళ్లు."

నిద్ర పట్టని మనిషి నిద్ర చేస్తానని మొక్కుకోవడం నాకు తమాషాగా అనిపించింది. పైకి అనలేదు. నెల్లూరు వైపు వాళ్లకు ఈ ఆచారం కొత్త కాదు. పెన్నలో స్నానం చేసి, తడిబట్టలతో ప్రదక్షిణలు చేసి, రాత్రికి ఆలయ ప్రాంగణంలోనే పడుకుంటారు. సంతానం కోసం వచ్చేవారు, మనసు బాగాలేనివారు, గాలీ ధూళీ సోకిందని నమ్మేవారు, అందరూ అక్కడే కనిపిస్తారు.

సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో గురువారం ఉదయం నెల్లూరులో దిగాం. మొక్కు శుక్రవారం రాత్రికి. అమ్మ మోకాళ్లకు మెట్లూ ఎక్కువ నడకా పనికిరావు కాబట్టి స్టేషన్‌కు కూతవేటు దూరంలో కనిపించిన మొదటి లాడ్జిలోకే దూరాం. నాన్ ఏసీ డబుల్, రోజుకు తొమ్మిది వందలు, 24 గంటల చెకౌట్. కౌంటరులో కుర్రాడు ఆధార్ కార్డుల నకళ్లు తీసుకుని, రిజిస్టర్లో "వచ్చిన పని" అన్న గడిలో నన్ను అడగకుండానే "దైవదర్శనం" అని రాసుకున్నాడు. తొమ్మిది గంటల ఐదు నిమిషాలు అని టైము కూడా వేశాడు. తాళంచెవికి అరచేయంత చెక్క ముక్క కట్టి ఉంది, దాని మీద పెయింటుతో 304. లిఫ్టు ఉంది, అదృష్టం.

గది గురించి గొప్పగా చెప్పడానికేమీ లేదు. బకెట్టు, మగ్గు, అగ్గిపెట్టెలో సగమంత సబ్బు. వేడినీళ్లు ఉదయం ఐదు నుంచి ఎనిమిది దాకా మాత్రమే. నెల్లూరు దోమల గురించి ఎవరూ అబద్ధం చెప్పలేదు, కాయిల్ తెచ్చుకోండి. కిటికీ మాత్రం పట్టాల వైపు ఉంది. రోడ్డు వైపు గది ఇవ్వమని అడిగాను. "అన్నీ నిండిపోయాయి సార్, రెండు రాత్రులే కదా, సర్దుకోండి" అన్నాడు కుర్రాడు. స్టేషన్‌లో "దయచేసి వినండి" అన్నప్పుడల్లా మా గదిలోకి వచ్చి చెప్పినట్టే ఉంది. ఇక అమ్మ పడుకున్నట్టే అనుకున్నాను.

సాయంత్రం రంగనాయకులపేట వెళ్లి తల్పగిరి రంగనాథస్వామిని చూశాం. ఏడంతస్తుల గాలిగోపురం, వెనక పెన్న. ఆదిశేషుడే స్వామికి తల్పంగా ఈ కొండ అయ్యాడని స్థలపురాణం. అమ్మ శయనమూర్తి ముందు చాలాసేపు చేతులు జోడించుకుని నిలబడింది. బయటికొచ్చాక, "ఆయనకేం, హాయిగా పడుకునే ఉంటాడు" అంది. అంతే కోపంగా, అంతే చనువుగా. రాత్రికి కారం దోసెలు కట్టించుకుని గదికి తెచ్చుకున్నాం.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. పన్నెండు దాటాక ఒక గూడ్సు బండి మొదలైతే ఎంతకీ అయిపోదు. కిటికీ అద్దాలు, మంచం పక్కన స్టూలు మీద గ్లాసు, చివరికి నా పళ్లు కూడా కలిసి వణుకుతున్నట్టు అనిపించింది. అది పూర్తయ్యాక అమ్మ వైపు చూశాను. గోడ వైపు తిరిగి, చేయి తల కింద పెట్టుకుని, సన్నగా గురక పెడుతోంది. మొదట నమ్మలేదు. కాసేపటికి మరో గూడ్సు వచ్చింది. అమ్మ కళ్లు తెరవకుండానే, "ఇది ఖాళీ బండి రా, మోత చూడు" అని మళ్లీ పడుకుంది.

నాన్న బిట్రగుంట లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరుగా రిటైరయ్యాడు. అప్పట్లో బొగ్గు ఇంజన్ల షెడ్డుగా ఆ ఊరికి పెద్ద పేరు. రైల్వే క్వార్టర్స్‌లో అర్ధరాత్రి డ్యూటీకి పిలిచే కాల్‌బాయ్ వచ్చి తలుపు కొట్టేవాడు, నాన్న పుస్తకంలో సంతకం పెట్టేవాడు, అమ్మ లేచి క్యారియర్ కట్టేది. ఆయన బండి కదిలే కూత వినిపించాకే పడుకునేది. రిటైరయ్యాక కూడా పట్టాలకు దగ్గరలోనే ఇల్లు కట్టుకున్నారు. ఇంత తెలిసిన నాకు, ఆవిడను తీసుకెళ్లి ఏడో అంతస్తులో పెట్టినప్పుడు ఒక్క క్షణం కూడా తట్టలేదు. మాత్రలు మార్చమని డాక్టరును మూడుసార్లు అడిగాను.

పొద్దున ఆరున్నరకు లేచింది. "ఇక జొన్నవాడ అక్కర్లేదేమో" అన్నాను, రైళ్ల మోత సంగతి చెప్పి. నన్ను చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. "రైళ్లేమిటి? అమ్మవారి పొలిమేరలోకి వచ్చాం, ఆవిడ చూసుకుంది. మొక్కు మొక్కే."

మధ్యాహ్నం ఆటో మాట్లాడుకుని బయలుదేరాం, దాదాపు 12 కిలోమీటర్లు. జొన్నలకూ ఆ ఊరికీ సంబంధం లేదట, జన్నం అంటే యజ్ఞం, కశ్యపుడు యజ్ఞం చేసిన చోటు కాబట్టి జన్నవాడ అని అమ్మ దారిలో చెప్పింది. నరసింహకొండ కూడా అదే కథలో భాగమంది. పెన్నలో ఇసుక పక్కన పాయలా నీళ్లు ఉన్నాయి. అమ్మ మోకాళ్ల లోతులో కూర్చుని మునిగింది, నేను భుజం పట్టుకున్నాను. తడిచీరతో పదకొండు ప్రదక్షిణలు అనుకుని, మోకాళ్లు ఒప్పుకోక ఐదుతో ఆపి, మిగిలిన ఆరూ నన్ను చేయమంది. మల్లికార్జునస్వామిని చూసి అమ్మవారి దగ్గరకు వెళ్లాం. ఒకప్పుడు ఉగ్రంగా ఉండే తల్లిని ఆదిశంకరులు శ్రీచక్రం ప్రతిష్ఠించి శాంతింపజేశారంటారు. కుంకుమ అలదిన ఆ ముఖంలో కళ్లు మాత్రం ఇంకా తీక్షణంగానే ఉన్నాయి.

రాత్రి ప్రాంగణంలో చాపలు, దుప్పట్లు, టిఫిన్ గిన్నెలు. ఒకావిడ ఉన్నట్టుండి ఏడవడం, పక్కవాళ్లు తిరిగి చూడకుండా జరిగి చోటు ఇవ్వడం. మా పక్కన ఉదయగిరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి నెలల బిడ్డతో ఉంది. ఆ బిడ్డ ఒకటే ఏడుపు. అమ్మ అడిగి బిడ్డను తీసుకుని ఒళ్లో వేసుకుంది. నేను వీపు ఆనించింది గుర్తుంది, తర్వాత గుర్తు లేదు. ముందు రాత్రి బాకీ అంతా తీరేలా పడుకున్నాను. తెల్లవారుజామున కళ్లు తెరిస్తే ఆ అమ్మాయి నిద్రపోతోంది, బిడ్డ నిద్రపోతోంది, అమ్మ స్తంభానికి ఆనుకుని వాడి మీద కొంగుతో విసురుతూ కూర్చుని ఉంది.

"నిద్ర చేసింది నువ్వు" అంది. విసుగేమీ లేదు గొంతులో.

ఏడింటికి లాడ్జికి చేరాం. అమ్మ తల తుడుచుకుని, ఐదు నిమిషాలు నడుము వాలుస్తానని మంచమెక్కింది. తొమ్మిదికి కౌంటరు నుంచి ఫోను మోగింది. అది అమ్మను లేపేలోపు ఎత్తి, కిందికి దిగి వెళ్లాను. మాకు తిరుగు రైలు సాయంత్రం. కుర్రాడు అరపూట అద్దె చాలన్నాడు, ఇచ్చేశాను. అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పేపరు రెండుసార్లు చదివాను, రెండు టీలు తాగాను. "అమ్మ లేచారా సార్?" అని మధ్యలో ఒకసారి అడిగాడు.

ఒంటిగంటకు పైకి వెళ్లేసరికి అమ్మ అప్పుడే లేచి జుట్టు ముడి వేసుకుంటోంది.

"చూశావా, అమ్మవారి మహిమ" అంది. ఆ వెంటనే కిటికీ వైపు చూసి, "ఇందాక ఒక గూడ్సు పోయినట్టుందే. లోడా, ఖాళీయా?"

నాకు తెలియలేదు.