అమ్మవైపు జబ్బులు

మాది అంబాజీపేట దగ్గర ఊరు. కోర్టు అనుమతితో ఒక ఆశ్రమం నుంచి నన్ను దత్తత తెచ్చుకున్నారని ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు తెలుసు. అమ్మ దాచలేదు. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం దత్త హోమం తప్పనిసరి కాదు, బిడ్డను ఇవ్వడం, తీసుకోవడం నిజంగా జరగాలి. అయినా నాన్న హోమం చేయించి, కొబ్బరితోటలో ఊరందరికీ భోజనాలు పెట్టారట. ఈ పిల్ల నాదని అందరి ముందూ చెప్పుకోవాలని ఆయన పట్టుదల. తలచుకుంటే నాకిప్పటికీ గర్వమే.

పాపకు ఎనిమిదో నెలలో మా ఆయన ఉద్యోగం కోసం టొరంటో వెళ్లాం. అమ్మ బియ్యం, పెసరపప్పు, వాము దోరగా వేయించి ఉగ్గు పొడి చేసిచ్చింది. విమానంలో టెన్షనంతా పాప చెవుల గురించే. పైకి లేచేటప్పుడూ దిగేటప్పుడూ పాలు పట్టాను. గుటక వేస్తుంటే చెవుల్లో ఒత్తిడి సర్దుకుంటుంది.

అక్కడ పిల్లల డాక్టరు మొదటి రోజే అడిగారు, మీ అమ్మగారివైపు షుగర్, ఆస్తమా లాంటివి ఉన్నాయా అని. కన్నవాళ్ల గురించి నాకేమీ తెలియదు. అదే చెప్పాను. ఆవిడ రాసుకుని, పాప బరువు చూడ్డానికి లేచారు. నాకే గొంతు పట్టేసింది. నా బిడ్డకు చెప్పలేనిది ఒకటి ఉందని అప్పుడే తెలిసింది.

రాత్రి ఫోన్ చేశాను. వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా, ఊళ్లో అప్పుడే తెల్లవారుతోంది.

"నా షుగర్ సంగతి చెప్పావా అమ్మలూ?" అంది అమ్మ.

వివరించబోయి ఆగాను. స్నానానికి పాపను కాళ్ల మీద ఎలా పడుకోబెట్టుకోవాలో మళ్లీ చెప్పమన్నాను. అరగంట చెప్పింది.