మోకాలి నొప్పికి వ్యాయామం: నా అనుభవం

ఎక్స్‌రే చూసి డాక్టరుగారు "గుజ్జు అరిగిందమ్మా, మూడో గ్రేడు" అన్నారు. ఆపరేషన్ ఇప్పుడే వద్దు, ముందు ఫిజియోథెరపీ చేయించుకోమన్నారు. ఈ మాట తెలిసిన ప్రతివాళ్ళూ ఇచ్చిన సలహా మాత్రం దానికి పూర్తిగా ఎదురు: మెట్లెక్కకు, ఎక్కువ నడవకు, ఉన్న గుజ్జైనా మిగులుతుంది. మావారైతే కూరగాయల సంచి కూడా పట్టుకోనిచ్చేవారు కాదు.

ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది విన్నాక నాకు విషయం అర్థమైంది. గుజ్జులో రక్తనాళాలుండవట. కీలులోని ద్రవం నుంచే దానికి పోషణ అందాలి, అందుకు కాలు కదలాలి, దాని మీద బరువు పడుతూ తగ్గుతూ ఉండాలి. నొప్పికి భయపడి కదపకపోతే తొడ కండరం చిక్కిపోతుంది, అప్పుడు కీలు మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. నా చేతినే మోకాలిచిప్ప పైన పెట్టించి తొడ బిగించమంది. కుడి తొడ గట్టిగా తగిలింది. ఎడమ తొడలో వేలు దిగిపోయింది. అదీ నా నొప్పి కాలే.

మొదట్లో చేసినవి చూస్తే వ్యాయామమంటే ఎవరూ నమ్మరు. మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ బిగించి ఉంచడం, కాలు తిన్నగా పైకెత్తి ఆపడం, అంతే. అసలు పని కుర్చీతో మొదలైంది. చేతులు ఆనించకుండా లేవాలి. నావల్ల కాలేదు. సీటు మీద రెండు దిండ్లు వేయించింది, ఎత్తు పెరిగేసరికి లేవగలిగాను. కొన్ని వారాలకు ఒకటి తీసేసింది, తర్వాత రెండోదీ. ఆ తర్వాత ఒక్క మెట్టు ఎక్కి దిగడం.

నన్ను నిలబెట్టింది మాత్రం నొప్పి లెక్క. పదికి అయిదు దాకా నొప్పి వచ్చినా ఫరవాలేదు, మర్నాటికి మామూలు స్థాయికి దిగిపోవాలి. దిగకపోతే వ్యాయామం ఎన్నిసార్లు చేస్తామో ఆ సంఖ్య తగ్గించాలి, మానేయకూడదు. డెన్మార్క్‌లో 2013లో మొదలైన 'గ్లాడ్' అనే కీళ్ళ అరుగుదల వ్యాయామ కార్యక్రమంలోనూ ఇలాంటి లెక్కే ఉందట. అక్కడ వారానికి రెండు చొప్పున ఆరు వారాలు దగ్గరుండి చేయిస్తారు. ఈ లెక్క తెలియక ముందు ప్రతి కలుక్కుకీ టెన్షనే. తెలిశాక ఏ నొప్పిని లక్ష్యపెట్టాలో, దేన్ని వదిలేయాలో తెలిసింది.

మెట్ల దగ్గర ఇంకో చిట్కా: ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. కర్ర వాడితే నొప్పి లేని వైపు చేత్తో పట్టుకోవాలి. చాలామంది నొప్పి వైపు చేత్తోనే పట్టుకుంటారు.

గుజ్జు తిరిగి రాలేదు, వస్తుందని ఎవరూ చెప్పనూ లేదు. రెండో అంతస్తుకు మాత్రం కడ్డీ పట్టుకోకుండా ఎక్కుతున్నాను. నేల మీద కూర్చుని లేవడం ఇప్పటికీ కష్టమే, వ్రతాలకు పీట బదులు స్టూలే. పెళ్లి హడావుడిలో కొన్నాళ్ళు మానేస్తే ఎడమ కాలు వెంటనే గుర్తుచేసింది. మోకాలు వాచి, వేడిగా ఉంటేనో, జ్వరం తగిలితేనో మాత్రం వ్యాయామం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికే వెళ్ళాలి.