ఐదు బుజ్జి ఇంజిన్లు, ఒక పగిలిన గేరు

టక్... టక్... టక్. చక్రం ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒక్క చప్పుడు. రాత్రి పదకొండు దాటింది, ఇంట్లో అందరూ పడుకున్నారు, నేను మేడ మీద గదిలో నేలకి చెవి ఆనించి జానెడు పొడవున్న మోడల్ రైలింజిన్ చప్పుడు వింటూ బోర్లా పడుకుని ఉన్నాను. నలభై నాలుగేళ్ల మనిషి చేయాల్సిన పని కాదని తెలుసు.

మాది కాజీపేట. నాన్న అక్కడి డీజిల్ షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. నేను డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను, సాఫ్ట్‌వేర్, అందరిలాగే. రెండేళ్ల కిందట మా వాడి పుట్టినరోజుకి ఒక ట్రైన్ సెట్ కొన్నాను. వాడికి వారం రోజుల్లో బోర్ కొట్టింది, నాకు పిచ్చి పట్టుకుంది. సెట్‌తో వచ్చిన ఇంజిన్ పాయింట్ల (ఒక దారి రెండుగా చీలే చోటు) మీదికి రాగానే ఆగిపోయేది, వేలితో తోస్తే కదిలేది. మంచి ఇంజిన్ కొందామనుకున్నాను. అక్కడ మొదలైంది టెన్షన్.

ఏ కంపెనీ మంచిది అని ఈ సరదా ఉన్నవాళ్లని ఎవరిని అడిగినా ఒక్క పేరు గట్టిగా చెబుతారు, పక్కవాడు అంతకంటే గట్టిగా ఇంకో పేరు చెబుతాడు. ఒకరు కాటో తప్ప వేరేది ముట్టుకోవద్దన్నారు. ఒకాయన ముప్పై ఏళ్ల నాటి ఆథర్న్ ఇంజిన్ ఇప్పటికీ పరిగెడుతోందని చూపించారు. అట్లాస్ అన్నవాళ్లున్నారు, వాల్తర్స్ అన్నవాళ్లున్నారు, బాక్‌మన్ పేరు ఎత్తగానే మొహం తిప్పుకున్నవాళ్లూ ఉన్నారు, చివరికి చూస్తే వాళ్లింట్లోనే నాలుగు బాక్‌మన్‌లు ఉన్నాయి.

నేను నడిపేది హెచ్‌ఓ సైజు, అంటే అసలు రైలులో 87వ వంతు. పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. అమెరికాలో ఎక్కువమంది నడిపేది ఇదే, అందుకే కంపెనీలు కూడా ఎక్కువ. శబ్దం, డిజిటల్ కంట్రోల్ ఉన్న కొత్త ఇంజిన్ అయితే ఇప్పుడు తేలిగ్గా మూడు వందల డాలర్లు దాటుతోంది. మా ఆవిడకి ఆ అంకె చెప్పే ధైర్యం లేక ప్లేనోలో ట్రైన్ షో జరిగితే వెళ్లి ఒక పాత ఆరు ఇరుసుల ఇంజిన్ అరవై డాలర్లకి తెచ్చాను. పేరున్న కంపెనీదే, 1990లలో వచ్చిన మోడల్, అప్పట్లో దానికి మంచి పేరట. పెట్టె కూడా చెక్కుచెదరలేదు. ఇంటికొచ్చి పట్టాల మీద పెడితే ఆ టక్ టక్.

ఆ రాత్రి నాన్నకి వీడియో కాల్ చేశాను, అక్కడ పొద్దున తొమ్మిదిన్నర. ఫోన్ పట్టాల పక్కన పెట్టి ఇంజిన్‌ని ముందుకీ వెనక్కీ నడిపాను. ఆయన టీ తాగుతూ కాసేపు విన్నారు.

"చక్రం ఒక్క చుట్టుకి ఒక్కసారి కొడుతుందా, రెండుసార్లా?"

చక్రం అంచు మీద స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి లెక్కపెట్టాను. "ఒక్కసారే నాన్నా."

"అయితే మోటారు కాదురా, ఇరుసు మీది గేరే. పన్నన్నా పోయి ఉంటది, లేకుంటే పగిలి ఉంటది. ఇప్పి చూడు."

ఇప్పాను. బోగీ కింద ప్లాస్టిక్ మూత తీస్తే చక్రాల జత బయటికొస్తుంది. (మనం పెట్టెను బోగీ అంటాం కానీ షెడ్‌లో బోగీ అంటే చక్రాలుండే చట్రమే, చిన్నప్పుడు ఈ విషయంలో నాన్న దగ్గర చాలాసార్లు తిట్లు తిన్నాను.) రెండు చక్రాల మధ్య శనగ గింజంత తెల్ల ప్లాస్టిక్ గేరు. భూతద్దంలో చూస్తే రెండు పళ్ల మధ్య లోయలో వెంట్రుకంత చీలిక. ఆ చీలిక దగ్గర పళ్ల మధ్య దూరం కొంచెం పెరుగుతుంది, పక్క గేరు పన్ను అక్కడ సరిగా కూర్చోదు, అందుకే చుట్టుకో దెబ్బ. ప్లాస్టిక్ గేరుని లోహపు ఇరుసు మీద బిగుతుగా ఎక్కిస్తారు, ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్ కుంచించుకుపోతుంది, ఇరుసు కుంచించుకోదు, ఎక్కడో ఒకచోట చీలాల్సిందే. ఆ కాలం ఇంజిన్లలో ఒకటి కంటే ఎక్కువ కంపెనీలకి ఉన్న రోగమే ఇది.

జిగురు పెట్టి చూశాను, మూడు రౌండ్లకి ఊడింది. చివరికి వేరే కంపెనీ గేర్లు దీనికి సరిపోతాయని తెలిసి ఒక ప్యాకెట్ తెప్పించాను. ఒక్కటే మారుస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. "ఆరూ ఒక్కనాడు పుట్టినయే కదా, మిగిలిన అయిదు ఎన్నాళ్లుంటయి?" నిజమే, భూతద్దం పెట్టి చూస్తే ఇంకో రెండింటిలో చీలిక మొదలై ఉంది. ఆరూ మార్చాను. మార్చేటప్పుడు రెండు చక్రాల మధ్య దూరం తేడా వస్తే పాయింట్ల మీద పట్టాలు తప్పుతుంది, అందుకే ఆ దూరం సరిచూసే ఎన్‌ఎంఆర్‌ఏ వాళ్ల గేజ్ కొన్నాను. ఎన్‌ఎంఆర్‌ఏ అంటే 1935లో పెట్టిన అమెరికా మోడల్ రైల్వే సంఘం, ఎవరి డబ్బా ఎవరి పట్టాల మీదైనా నడుస్తోందంటే వాళ్లు పెట్టిన ప్రమాణాల వల్లే. గేజ్ చూడటానికి చిన్న రేకుముక్క. నేను ఈ సరదాలో కొన్న వస్తువులన్నిటిలోకీ ఎక్కువ పనికొచ్చింది అదే.

ఈ గేరు గొడవలో చదువుతూ పోతుంటే ఇంకో సంగతి తెలిసింది. పెట్టె మీద పేరు ఒకటి, తయారుచేసేది ఇంకొకరు. 1980లలో అట్లాస్ పేరుతో అమ్మిన కొన్ని ఇంజిన్లని నిజానికి జపాన్‌లో కాటో తయారుచేసింది, ఇప్పటికీ పాతవాళ్లు వాటిని వెతికి మరీ కొంటారు. ఆ తర్వాత పని చైనాకి వెళ్లింది. శాండా కాన్ అనే ఒకే ఫ్యాక్టరీ పోటీ కంపెనీలకి కూడా ఇంజిన్లు చేసిపెట్టేది. 2008 ప్రాంతంలో దాన్ని బాక్‌మన్ యజమాని అయిన కేడర్ కొనేసింది, అంటే మిగతా వాళ్ల సరుకు వాళ్ల పోటీదారు చేతిలో పడింది. కంపెనీ పేరే చూసుకుంటే ఏ సంవత్సరం, ఎవరి చేతి పని అన్నది తెలియదు. మనం మామిడికాయలు కొనేటప్పుడు బంగినపల్లి అని రాసిన బోర్డు చూసి ఊరుకోం కదా, కాయ పట్టుకుని చూస్తాం, నేను ఇంజిన్ విషయంలో బోర్డు చూసి వచ్చేశాను.

అందుకని పట్టుకుని చూడటానికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. మూడు అడుగుల తిన్నని పట్టా, ఫోన్‌లో స్టాప్‌వాచ్. హెచ్‌ఓలో ఒక సౌలభ్యం ఉంది, మైలుని 87తో భాగిస్తే దాదాపు అరవై అడుగులొస్తుంది, అంటే నిమిషానికి ఎన్ని అడుగులు పోతే గంటకి అన్ని మైళ్ల వేగం అనుకోవచ్చు. మూడు అడుగులకి నిమిషం పడితే అసలు రైలు గంటకి మూడు మైళ్లు పోతున్నట్టు. ఇంజిన్ ఆగకుండా, కుదుపు లేకుండా ఎంత నెమ్మదిగా పోగలదో చూస్తే లోపలి మోటారు, గేర్లు, పట్టాల నుంచి కరెంటు అందుకునే తీరు మూడూ బయటపడతాయి. వేగంగా ఏదైనా పరిగెడుతుంది. సెట్‌తో వచ్చినది ఇరవై సెకన్లకంటే నెమ్మదిగా పోనంది. తర్వాత నేను కొన్న సెకండ్‌హ్యాండ్ కాటో ఎస్‌డీ40-2 దాదాపు రెండు నిమిషాలు తీసుకుంది, అదీ చప్పుడు లేకుండా, కదులుతోందో లేదో చూడాలంటే చక్రం మీది చుక్క చూడాల్సి వచ్చింది.

రెండో పరీక్ష ఎత్తు. నాలుగు అడుగుల చెక్క ఒక చివర కింద అంగుళం దిమ్మ పెడితే సుమారు రెండు శాతం ఎత్తు. దాని మీద ఎన్ని వ్యాగన్లు లాగుతుందో చూడటం. లాగే బలం బరువుని బట్టే కాబట్టి ప్రతి ఇంజిన్‌నీ వంటింటి కాటా మీద తూచాను. "ఆ కాటా మీద రవ్వ తూస్తానండీ నేను" అని మా ఆవిడ ఒక్కసారే అంది, తర్వాతి వారం నాకు వేరే కాటా వచ్చింది.

మూడోది పరీక్ష కాదు, ప్రశ్న. ఇది పాడైతే దీని గేరు, మోటారు, బోగీ విడిగా దొరుకుతాయా? గేరు అనుభవం తర్వాత నేను ముందు చూసేది ఇదే. కాటో మెకానిజంకి నేను వంక పెట్టలేను, కానీ హెచ్‌ఓలో వాళ్ల అమెరికన్ ఇంజిన్ల జాబితా చిన్నది. పాత నీలం పెట్టె ఆథర్న్‌లు కాఫీ గింజలు రుబ్బినట్టు మోగుతాయి, అయినా స్క్రూడ్రైవర్ పట్టగలిగిన ఎవరైనా అరగంటలో మొత్తం విప్పి బిగించొచ్చు, అలాంటి మొండి ఘటాలు ఇప్పుడు రావు. ఇప్పుడొచ్చే ఖరీదైనవాటిలో స్కేల్‌ట్రెయిన్స్, రాపిడో లాంటివాళ్ల నగిషీ చూస్తే కళ్లు చెదురుతాయి, గొట్టాలూ కమ్మీలూ అన్నీ విడివిడిగా, కాబట్టి ఎక్కడ పట్టుకోవాలో తెలియక అరచేతిలో పసిపిల్లలా ఎత్తాలి. పిల్లలుండే ఇంట్లో ఎంత తేలిగ్గా విరుగుతుందన్నది కూడా చూసుకోవాలి. బాక్‌మన్ గురించి వెక్కిరింపులు చాలావరకు పాత సరుకు మీదివి, ఇప్పుడు తక్కువ ధరలో డిజిటల్ చిప్‌తో సహా ఇస్తున్నారు, మొదటి ఇంజిన్‌గా నేనైతే వద్దనను.

ఇక నా నాలుగో ఇంజిన్, నన్ను ఏడిపించినది. కొత్తది, శబ్దం ఉన్నది, పూర్తి ధర పెట్టి కొన్నది. కంపెనీ పేరు చెప్పను. పాయింట్ల మీదికి రాగానే శబ్దం ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యేది. నేను విప్పితే వారంటీ పోతుందని కస్టమర్ సర్వీస్ వాళ్లు అన్నారు, నా ఖర్చుతో పంపించాను. అయిదు వారాలకి వచ్చింది, "పరీక్షించాం, బాగానే ఉంది" అని చీటీతో. పట్టాల మీద పెడితే అదే రోగం. చిప్‌ని ఫ్యాక్టరీ సెట్టింగ్‌కి తెచ్చాను, దీంట్లో సీవీ 8లో (సీవీ అంటే చిప్‌లో ఒక్కో సెట్టింగ్ ఉండే గడి) 8 వేస్తే అన్నీ మొదటికొస్తాయి, కంట్రోలర్ ఇంజిన్‌ని పిలిచే అడ్రసు మళ్లీ 3 అయింది, రోగం మాత్రం పోలేదు. వారంటీ సంగతి వదిలేసి విప్పాను. మల్టీమీటర్ ఒక కొస చక్రానికి, ఇంకో కొస బోర్డుకి పెట్టి ఒక్కో చక్రం చూసుకుంటూ పోతే వెనక బోగీ కుడివైపు అసలు కరెంటే రావట్లేదు. చాలా ఇంజిన్లలో వైర్లని సోల్డర్ చేయరు, బోర్డు అంచుకి పెట్టి చిన్న నల్ల ప్లాస్టిక్ టోపీతో నొక్కేస్తారు. ఆ టోపీ ఉంది, దాని కింద వైరు లేదు, పక్కకి జారి ఉంది. నాలుగు నిమిషాల సోల్డరింగ్. అప్పటినుంచి ఒక్కసారి ఆగలేదు, నాకు దాని మీద ప్రేమ మాత్రం పుట్టలేదు.

అయిదో ఇంజిన్ కొన్నప్పుడు ఈ పరీక్షలన్నీ పక్కన పెట్టానని ఒప్పుకోవాలి. బౌసర్ కంపెనీవాళ్లు ఆల్కో అనే పాత అమెరికన్ రైలింజిన్ల కంపెనీ సీ-628కి మోడల్ చేస్తారు. అసలు సీ-628 లోపల ఉండే డీజిల్ యంత్రం ఆల్కో 251, పదహారు సిలిండర్లు. మన రైల్వే డీజిల్ ఇంజిన్ డబ్ల్యూడీఎం-2లో ఉన్నదీ ఆ 251 కుటుంబమే, నాన్న జీవితమంతా దాని కిందే గడిచింది. ఆల్కో 1969లో అమెరికాలో రైలింజిన్లు చేయడం మానేసింది, మన వారణాసి రైలింజిన్ల ఫ్యాక్టరీలో మాత్రం ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు ఆ వంశం నడిచింది. పెట్టె వచ్చిన రోజే కాల్ చేసి, పేరు చెప్పకుండా, శబ్దం ఒక్కటే ఆన్ చేసి ఫోన్ దగ్గర పెట్టాను. ముందు ఫ్యూయల్ పంపు, తర్వాత క్రాంకింగ్, తర్వాత ఆ గుడగుడ.

అవతల టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు. "గిది మన ఆల్కోనే గదరా. అమెరికాల ఎక్కడిది?"

చెప్పాను. మూడు అడుగులకి నిమిషంన్నర పట్టిందని, తొంభై ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటే మా టెక్సాస్ గరాజ్‌లో కాకుండా మేడ మీద ఏసీ గదిలో పెట్టానని కూడా చెప్పాను. ఆయన అవేవీ వినలేదు. ఇంకోసారి స్టార్ట్ చేయమన్నారు, చేశాను. శబ్దం బాగానే ఉంది కానీ మరీ నున్నగా ఉందట, షెడ్‌లో ఏ ఇంజినూ ఇంత శుభ్రంగా మోగలేదట, పదహారింట్లో ఒక సిలిండర్ ఎప్పుడూ తప్పుతూనే ఉండేదట. ఆ తప్పు చప్పుడు కూడా పెట్టొచ్చా అని అడిగారు. చిప్‌లోని శబ్దం ఫైలు మారిస్తే వీలవుతుందేమో, ఈ వారాంతం ఆ పని మీద కూర్చుంటాను.