చౌడు మిద్దెకు టేపు పట్టాను

జమ్మలమడుగు దగ్గర తోటలో ఉన్న మా పాత మిద్దెను వచ్చే నెల పడగొట్టేస్తున్నారు, ఆలోపు కొలతలన్నా రాసిపెట్టుకుందామని నిన్న టేపు, నోటుబుక్కు పట్టుకుని వెళ్లాను. గోడ మందమే రెండున్నర అడుగులు!

పైకప్పు దగ్గరే సగం రోజు పోయింది. కింద వేప దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు (సన్నటి కొయ్యలు), ఆపైన కడప బండలు, మట్టి, అన్నిటికంటే పైన చౌడు, అంటే చౌడు నేలల్లో దొరికే ఉప్పు మట్టి. ఆ చౌడు తడిస్తే మెత్తబడి సందులన్నీ మూసేస్తుంది, అందుకే మిద్దె కారదు, కాకపోతే ఏటా వానలకు ముందు కొత్త చౌడు ఎక్కించాలి, మావాళ్లు ఆ పని మానేసి ఎన్నాళ్లయిందో ఈశాన్యం మూల చూస్తే తెలిసిపోతుంది.

గవాక్షి, అంటే వెలుతురు కోసం పైకప్పులో వదిలిన కంత, కొలుద్దామని నిచ్చెనెక్కితే అందులో అడుగు లేని కుండ. మసి గోకితే కుమ్మరి వేలి గీతలు ఇంకా అలాగే ఉన్నాయి. కాసేపు కొలత సంగతే మర్చిపోయాను.

కింద మంచం మీద జేజి (మా నాయనమ్మ), "గోడలకు కొలతలెందుకురా, చొక్కా కుట్టిస్తావా?" అని ఒకటే నవ్వు.

గాటిపాడు (పశువుల్ని కట్టేసే చోటు) కొలవకముందే ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. ఆదివారం మళ్లీ వెళ్లాలి, ఎవరి దగ్గరైనా పొడవాటి టేపు ఉంటే చెప్పండి, నాది ఐదు మీటర్లకే ఆగిపోతోంది.