రాత్రి తొమ్మిది గంటల అలారం

వాడి పేరు ఇక్కడ రాయను. "ఎవరికీ తెలియకూడదురా" అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టులో సగం ఈ రోజు తీసి గట్టున పెడుతున్నాను. పేరు మాత్రం నా దగ్గరే ఉంటుంది.

వాడు 2006లో పోయాడు. అప్పటికి 30 ఏళ్లు. అడిగిన వాళ్లందరికీ టీబీ అని చెప్పాం. అది పూర్తి అబద్ధం కాదు, టీబీ కూడా ఉంది. కానీ వాడిని తీసుకెళ్లింది ఎయిడ్స్. ఆ మాట ఇన్నేళ్లలో నేను పైకి అన్నది రెండు మూడు సార్లే.

2003లో వాడికి ఎడమ పక్కటెముకల మీదుగా వీపు దాకా నీటి పొక్కులు లేచాయి. చొక్కా తగిలినా విలవిల్లాడిపోయేవాడు. సర్పి అన్నారు, పూతమందు ఇచ్చారు, తగ్గింది. ఎక్కువగా వయసు మళ్లినవాళ్లకీ, ఒంట్లో రోగనిరోధక శక్తి పడిపోయినవాళ్లకీ వచ్చేది అది. 27 ఏళ్ల వాడికి ఎందుకొచ్చిందని ఎవరూ ఆలోచించలేదు. ఆ రోజే ఒక్క రక్తపరీక్ష రాసి ఉంటే! ఈ ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు. రెండేళ్ల తర్వాత దగ్గు, రాత్రిళ్లు దుప్పటి తడిసిపోయేంత చెమటలు, నాలుక మీద తెల్లటి పొర. అప్పుడు చేశారు పరీక్ష. ఒంట్లో రోగాలతో పోరాడే సీడీ4 కణాలు 42. ఆరోగ్యంగా ఉన్న మనిషికి 500 పైనే ఉంటాయి. 200 కంటే తగ్గితే ఎయిడ్స్ దశ అంటారు.

ఎలా వచ్చిందని అడుగుతారు అందరూ, మొట్టమొదటి ప్రశ్నే అది. నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

ఆ సంగతి నాకు చెప్పడానికి మా ఇంటికే వచ్చాడు. విన్నాను, భుజం మీద చెయ్యి వేశాను, మంచి మాటలే చెప్పాను. వాడు వెళ్లాక, వాడు నీళ్లు తాగిన గ్లాసుని మిగతా గ్లాసులతో కలపకుండా కిటికీ గట్టు మీద పెట్టాను. హెచ్ఐవీ గ్లాసు ద్వారా రాదని నాకు తెలుసు. ఉమ్మితో రాదు, చెమటతో రాదు, పక్కన పడుకున్నా రాదు. అన్నీ చదువుకున్నవాడినే. అయినా పెట్టాను. వారం తర్వాత వాడు మళ్లీ వచ్చాడు. గ్లాసు ఇంకా అక్కడే ఉంది. చూశాడో లేదో నాకు తెలియలేదు. ఆ తర్వాత వచ్చినప్పుడు మాత్రం సంచిలో సొంత నీళ్ల బాటిల్ తెచ్చుకున్నాడు. ఒక్క మాట అనలేదు.

నెల రోజులు అలాగే తెచ్చుకున్నాడు. ఒక రోజు ఇక ఉండబట్టలేక, వాడు తాగి కింద పెట్టిన బాటిల్ ఎత్తి నోట్లో పెట్టుకుని మొత్తం తాగేశాను. వాడు ఖాళీ బాటిల్ తీసుకుని మూత బిగించి, "రేపు పెద్ద బాటిల్ తెస్తాలే" అన్నాడు. మా మధ్య ఆ విషయం గురించి జరిగిన మాట అదొక్కటే.

మందులు మొదలయ్యాయి. మూడు రకాల మందులు కలిపి వాడితే వైరస్ అదుపులో ఉంటుందని 1996లోనే తేలింది. ప్రపంచంలో చాలామంది దాకా ఆ మందులు రావడానికి మాత్రం ఏళ్లు పట్టింది. వాడికి అందాయి. రెండు రకాలు పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి. మూడోది ఎఫావిరెంజ్, రాత్రి ఒక్కసారే. చేతి గడియారంలో అలారం పెట్టుకున్నాడు. ఎఫావిరెంజ్ వేసుకున్నవాళ్లలో చాలామందికి కలలు విపరీతంగా వస్తాయి. పొద్దున్నే ఫోన్ చేసి కల చెప్పేవాడు. ఒకసారి మా స్కూల్ మెట్లన్నీ నీళ్లలో తేలుతున్నాయట, నేను ఒక్కో మెట్టుకీ తాడు కట్టి లాగుతున్నానట. "నువ్వు లాగేకొద్దీ ఇంకోటి జారిపోతోందిరా" అని పగలబడి నవ్వాడు. స్టావుడిన్ అనే మందుకి పాదాలు మంటలు పుట్టేవి, బుగ్గలు లోపలికి పోయాయి. వాటి గురించి ఎప్పుడూ విసుక్కోలేదు. ఇప్పుడు ఆ మందు వాడటం లేదు. రోజుకి ఒక్క మాత్రతో సరిపోతోంది. రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గి అలాగే ఉంటే, శారీరక సంబంధం ద్వారా ఇంకొకరికి సోకదు కూడా. ఈ ఒక్క మాట వాడి చెవిన పడి ఉంటే, పెళ్లి మాటెత్తినప్పుడల్లా లేచి బయటికి వెళ్లిపోయేవాడు కాదు.

వాడికో చిన్న నోటు పుస్తకం ఉండేది. వేసుకున్న ప్రతి మాత్రకీ ఒక టిక్కు. వెనక పేజీలో సీడీ4 లెక్కలు: 42, 118, 161. మూడో అంకె కింద రెండు గీతలు గీశాడు.

తర్వాత ఇంట్లోకి చుట్టాలు వచ్చారు, మూడు వారాలు ఉన్నారు. ఉన్నవి రెండు గదులు. మందుల డబ్బా బట్టల కింద దాచాడు, అలారం ఆపేశాడు. ఆ మూడు వారాల పేజీల్లో టిక్కులు అక్కడక్కడే ఉన్నాయి. వాళ్లు వెళ్లాక కూడా టిక్కులు మునుపటిలా పడలేదు. ఈ మందులు మధ్యలో మానేస్తే వైరస్ మళ్లీ పుంజుకుంటుంది, వాటికి లొంగకుండా కూడా తయారవుతుంది. నాలుగో లెక్క 57. దాని కింద గీత లేదు.

నా దగ్గర పెట్టుకోమని డబ్బా అడిగి తీసుకుని ఉండాల్సింది నేను. రోజూ రాత్రి తొమ్మిదికి ఏదో ఒక వంకతో బయటికి పిలిచి ఉండాల్సింది. రహస్యం కాపాడటమే స్నేహం అనుకున్నాను. మాత్రల గురించి అడగలేదు.

తలనొప్పి అన్నాడు ఒక రోజు. కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని వచ్చిందేమో, కళ్లద్దాలు మార్చుకోరా అన్నాను. రెండు వారాలు మామూలు నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చాడు. వెలుతురు చూడలేక కర్టెన్లు వేసుకుని పడుకునే దాకా వచ్చింది. వెన్నులోంచి నీరు తీసి చూస్తే క్రిప్టోకాకస్, మెదడు పొరలకి పట్టే ఫంగస్. మట్టిలో, పావురాల రెట్టలో ఉంటుంది. మనందరం పీలుస్తూనే ఉంటాం, మామూలుగా ఏమీ చేయదు. ఇప్పుడైతే సీడీ4 బాగా తగ్గినవాళ్లకి తలనొప్పి రాకముందే రక్తంలో దాని జాడ పట్టే పరీక్ష ఉంది. ఆస్పత్రిలో చేర్చిన పదకొండో రోజున పోయాడు.

అమెరికాలో 1987 నుంచి ఎయిడ్స్‌తో పోయినవాళ్ల కోసం వాళ్లవాళ్లు కుట్టిన పెద్ద స్మారక బొంత ఒకటుంది. ఒక్కొక్కరి పేరున ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గుడ్డ, సరిగ్గా ఒక సమాధి అంత. అన్నిటి మీదా పూర్తి పేర్లు ఉండవు, కొన్నిటి మీద ఇంటిపేరు వదిలేశారు. దాని ఫొటోలు చూసిన రాత్రే ఇది రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోయాను. అమ్మ ఉందిగా అనుకున్నాను.

అమ్మ అంటే వాడి అమ్మ. ఆస్పత్రి వరండాలో నన్ను అడిగింది, "నీకు తెలియకుండా ఉండదు నాయనా, వాడికి ఏంటి జబ్బు?" అని. టీబీ అమ్మా, మెదడుకి పాకింది అన్నాను. సరే అన్నట్టు తల ఊపింది.

వాడిని పంపించేసి వచ్చిన రాత్రి ఇంటి నిండా మనుషులు. మేజా మీద వాడి గడియారం. తొమ్మిదికి అలారం మోగింది. మళ్లీ ఎప్పుడు పెట్టుకున్నాడో. నా గుండె ఆగినంత పనైంది. ఎవరో "ఏంటా శబ్దం?" అన్నారు. అమ్మ పక్కావిడతో మాట్లాడుతున్నదల్లా, అటు తిరగను కూడా తిరగకుండా చెయ్యి చాపి, పక్కనున్న చిన్న బటన్ రెండుసార్లు నొక్కింది. ఆ గడియారంలో అలారం ఒక్కసారి నొక్కితే ఆగదు. ఐదు నిమిషాలకి మళ్లీ మోగుతుంది. రెండుసార్లు నొక్కాలి.

ఆవిడ బతికున్నంత కాలం ఆ జబ్బు పేరు మా ఇద్దరి మధ్య రాలేదు. వెళ్లినప్పుడల్లా కాసేపు కూర్చోబెట్టి వాడి చిన్నప్పటి సంగతులు చెప్పేది. పోయిన ఏడాది ఆవిడా వెళ్లిపోయింది. గడియారం నాకు ఇమ్మని ముందే చెప్పి పెట్టిందట, కూతురు తెచ్చి ఇచ్చింది.