గడ్డకట్టిన సరస్సు ఒడ్డున పలచటి బూట్లతో

ఫిబ్రవరి మూడో వారం. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టెంపీలో మధ్యాహ్నపు ఎండకు చెమట పడుతోంది. నేను మాత్రం ఉన్న బట్టలన్నీ మంచం మీద పరిచి, ఏది పనికొస్తుందో తేల్చుకోలేక కూర్చున్నాను. మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం జీవరసాయన శాస్త్రంలో పీహెచ్‌డీకి రమ్మంది. చేరేముందు ఒకసారి వచ్చి చూసి వెళ్ళమంది. రెండు రోజులు ఉండి ప్రొఫెసర్లను కలవాలి, ల్యాబులు చూడాలి, అక్కడి విద్యార్థులతో భోంచేయాలి. దారి ఖర్చులు వాళ్ళవే. అమెరికాలో చాలా సైన్సు విభాగాలు ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇలా పిలిపించుకుంటాయి. ఏప్రిల్ 15 లోపు మనం ఏదో ఒక చోటికి మాట ఇవ్వాలి.

ఇదంతా ఫోనులో వివరిస్తే తెనాలి నుంచి అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. "పెళ్ళిచూపులన్నమాట. అయితే ఆ నీలం చీర కట్టుకో, నిండుగా ఉంటుంది."

నాకంటే ముందు ఈ దారిలో వెళ్ళొచ్చిన సీనియర్ అక్కను అడిగాను. "బ్లేజరు మాత్రం వేసుకోకు. బ్యాంకు ఉద్యోగానికి వచ్చావనుకుంటారు. జీన్స్ చాలు" అంది. చీరకూ జీన్స్‌కూ మధ్య ఎటూ తేల్చుకోలేక, నల్ల ప్యాంటు, ఇస్త్రీ చేసిన చొక్కా, ఏడాది కిందట ఒక సదస్సు కోసం కొన్న పలచటి అడుగు నల్ల బూట్లు సర్దుకున్నాను. పాత బట్టల దుకాణంలో పద్దెనిమిది డాలర్లకు ఒక ఉన్ని కోటు దొరికింది. పిలుపు వచ్చిన మెయిల్లో చివరి వాక్యం "వెచ్చని బూట్లు తెచ్చుకోండి" అని. ఏ ప్రొఫెసర్‌ను ఎన్ని గంటలకు కలవాలో కంఠతా పట్టిన నేను ఆ వాక్యాన్ని మాత్రం గాలికి వదిలేశాను.

షికాగో ఓహేర్ విమానాశ్రయం నుంచి బస్సులో సుమారు మూడు గంటలు. మాడిసన్‌లో దిగేసరికి రాత్రయింది, మైనస్ పద్నాలుగు డిగ్రీలు. మొదటి ఊపిరికే ముక్కులోపలి తడి గడ్డకట్టి చురుక్కుమంది. తెనాలిలో పద్దెనిమిది డిగ్రీలకు మఫ్లరు చుట్టుకున్న ముక్కు అది.

మర్నాడు ఉదయం, నాలాగే పిలుపు అందుకుని వచ్చిన మమ్మల్నందరినీ తీసుకెళ్ళడానికి ఒక పీహెచ్‌డీ అమ్మాయి వచ్చింది. బాస్కమ్ కొండ మీద లింకన్ విగ్రహం చూపించి, అవతలి వైపు దిగుతుండగా నా కాలు జారింది. పడలేదు. ఆవిడ భుజం పట్టుకుని వేలాడాను. ఆవిడ నవ్వలేదు. ముందు నా బూట్ల వంక చూసి, తర్వాత నడక నేర్పింది. మడమ ముందు వేయకూడదు, పాదం మొత్తం ఒకేసారి ఆనించాలి, బాతులా చిన్న చిన్న అడుగులు వేయాలి. ఇరవై అయిదేళ్ళ వయసులో నడక నేర్చుకుంటూ విభాగానికి చేరాను. దారంతా చల్లిన ఉప్పు బూట్ల అంచున తెల్లటి గీతలు కట్టింది. ఎంత తుడిచినా ఆ గీతలు మళ్ళీ తేలుతున్నాయి.

మేడమీద విద్యార్థుల గది గుమ్మం దగ్గర చూసింది మాత్రం ఇప్పటికీ కళ్ళముందే ఉంది. పన్నెండు జతల మంచు బూట్లు ఒక రబ్బరు పళ్ళెంలో వరసగా నీళ్ళు కారుస్తున్నాయి. అచ్చం మన ఇంట్లో వ్రతం నాటి గుమ్మమే. లోపల అందరూ మామూలు బూట్లలోకి మారిపోయారు. ఇక్కడ బూట్లు రెండు జతలు ఉండాలని, ఒకటి దారికి, ఒకటి ల్యాబుకు అని అప్పుడు తెలిసింది.

లోపల వెచ్చదనం ఇంకో తంటా. బయట మైనస్‌లో ఉంటే గదుల్లో ఇరవై రెండు. కోటు విప్పి చేతి మీద వేసుకుంటే నోటు పుస్తకం పట్టుకోవడానికి చెయ్యి లేదు. ప్యాంటుకు జేబుల్లేవు. ఆడవాళ్ళ ప్యాంట్లకు జేబులు కుట్టని మహానుభావుడెవరో నాకు తెలియదు గానీ, ఆ రోజు గ్లౌజులు, పెన్ను, బస్సు రసీదు, పేరు బిళ్ళ అన్నీ పట్టుకుని తిరుగుతూ ఆయన్ను చాలా తలుచుకున్నాను. పైగా వేడిచేసిన గదుల గాలి బాగా పొడిగా ఉంటుంది. ఉన్ని కోటు విప్పి, నైలాన్ కుర్చీలోంచి లేచి, రెండో ప్రొఫెసర్‌కు చెయ్యి చాపానో లేదో, చిటుక్కుమని నిప్పురవ్వ! ఇద్దరం చేతులు వెనక్కి లాక్కున్నాం. తలుపు పిడిని ముందు తాళంచెవితో తాకాలని, అప్పుడు వేలికి షాక్ తగలదని ఆయనే చెప్పారు. మిగతా అరగంట చాలా తేలిగ్గా సాగిపోయింది.

ల్యాబుల్లో మాత్రం బట్టల సంగతి వేళాకోళం కాదు. కాలు మొత్తం కప్పే ప్యాంటు, పాదం పూర్తిగా మూసే బూట్లు, ముడి వేసిన జుట్టు. కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఒక అమ్మాయి పాదం పైభాగం కనిపించే చెప్పుల్లాంటి బూట్లతో వచ్చింది. పాపం, ఒంటి మీద పడితే చర్మం గడ్డకట్టించేంత చల్లటి ద్రవ నత్రజని ఉన్న గదిని అద్దంలోంచే చూసింది. అమ్మ మాట విని చీర కట్టుకుని ఉంటే, పైటను తిరిగే యంత్రాల నుంచి కాచుకోవడమే నాకు రోజంతా సరిపోయేది.

హర్ గోబింద్ ఖొరానా 1960 నుంచి పదేళ్ళు పనిచేసింది ఈ విశ్వవిద్యాలయంలోనే. జన్యు సంకేతాన్ని విప్పినందుకు 1968లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నారు. నేను చూసిన పాత ఫోటోల్లో ఆయన టైతోనే కనిపిస్తారు. ఆ రోజు నేను కలిసిన అయిదుగురు ప్రొఫెసర్లలో టై ఎవరికీ లేదు. ఒకాయన స్వెటర్ మోచేయి చిరిగి ఉంది. నా చొక్కా ఇస్త్రీ మడత వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. నా థీసిస్‌లో ప్రొటీన్ ఎందుకు ముద్దకడుతోందని మాత్రం ముగ్గురు గుచ్చి గుచ్చి అడిగారు.

సాయంత్రం మెండోటా సరస్సు మీదికి వెళదామన్నారు. మీదికే! గడ్డకట్టిన నీటికి రంధ్రం చేసి, బోర్లించిన బకెట్ల మీద కూర్చుని గాలాలు వేస్తున్నారు జనం. ఈ సరస్సు ఏటా ఎప్పుడు గడ్డకట్టిందో, ఎప్పుడు కరిగిందో 1850ల నుంచీ రాసిపెట్టిన లెక్క ఉంది. అప్పటికీ ఇప్పటికీ మంచు నిలిచే రోజులు బాగా తగ్గాయట. నా బూట్లతో అక్కడికి రానివ్వనని పొద్దుటి అమ్మాయి తన పాత మంచు బూట్లు ఇచ్చింది. ఒక సైజు పెద్దవి. ఆ ఖాళీ నింపడానికి స్టేట్ స్ట్రీట్‌లో దళసరి ఉన్ని మేజోళ్ళు కొన్నాను. ఇరవై రెండు డాలర్లు, నా కోటు కంటే ఎక్కువ. కానీ ఒడ్డు నుంచి రెండొందల అడుగులు లోపలికి నడిచి, నిలబడి, వెనక్కి తిరిగి కొండ మీది దీపాలు చూస్తున్నంతసేపూ నా కాళ్ళు ఉన్నాయన్న సంగతే గుర్తు రాలేదు.

టెంపీకి తిరిగొచ్చాక ఖర్చుల పత్రం నింపాను. బస్సు, విమానాశ్రయంలో తిన్న సాండ్‌విచ్, టాక్సీ. మేజోళ్ళ రసీదు కూడా ఒకసారి జత చేశాను. చాలాసేపు దాని వంకే చూసి, తీసేశాను.