గ్యారేజీలోకి ప్లేనర్ వచ్చింది

ప్లేనర్ అంటే చెక్క పలకని పైపైన చెక్కి మందం తగ్గించే మెషిన్. 12.5 అంగుళాలదా, 13 అంగుళాలదా అని తెగ ఊగిసలాడి, చివరికి 13 అంగుళాల డీవాల్ట్ 735 తీసుకున్నా. వెడల్పులో తేడా అర అంగుళమే. నన్ను లాగింది దీని రెండు స్పీడ్లు. ఒకదాంట్లో అంగుళానికి 96 కోతలు, ఇంకోదాంట్లో 179. మొదటిదాంట్లో మందం తగ్గించి, ఆఖరిసారి రెండోదాంట్లో పంపితే మేపుల్ పలక నున్నగా వస్తోంది. శాండ్‌పేపర్‌కి పెద్దగా పనే ఉండట్లేదు.

కొనేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి, ఇది వంకర తీయదు. రోలర్లు పలకని అదిమిపెట్టి లాగుతాయి, బయటికి రాగానే అది మళ్లీ పాత వంపుకే పోతుంది. అందుకే వంగిన పలకని ప్లైవుడ్ మీద పెట్టి, ఊగే చోటల్లా సన్నటి చెక్కముక్కలు దోపి, హాట్ గ్లూతో కదలకుండా అతికించి పంపిస్తా. పైవైపు చదునయ్యాక ప్లైవుడ్ తీసేసి, తిప్పి రెండోవైపు.

పలక చివర్లలో గుంట పడకుండా, లోపలికి పోయేటప్పుడూ బయటికొచ్చేటప్పుడూ బయటున్న కొసని కాస్త పైకెత్తి పట్టుకుంటే చాలావరకు సరి. అయినా నేను రెండుమూడు అంగుళాలు పొడవు ఎక్కువ ఉంచుకునే కోస్తా.

చప్పుడా? చెవులకి మఫ్‌లు లేకుండా దగ్గరికి వెళ్లొద్దు. పొట్టు మాత్రం బస్తాలకి బస్తాలు. ఎవరైనా గుర్రాల పాకలో పరవడానికి అడిగితే బ్లాక్ వాల్‌నట్ చెక్క పొట్టు కలవకుండా చూసి ఇవ్వండి, అది వాటి గిట్టలకి జబ్బు తెస్తుంది.